సీలెంటు ట్యాంకుల చిన్న విమానంలో కారు పెట్రోలు: ట్యాంకు దగ్గర మొదలుపెట్టండి

చిన్న విమానంలో కారు పెట్రోలు వాడవచ్చా అన్న చర్చ ఎక్కడ మొదలైనా రెండో మాటకే ఆక్టేన్ దగ్గరికి చేరుతుంది. ఆక్టేన్ అంటే సిలిండరులో నొక్కుడుకు పెట్రోలు తనంతట తాను పేలకుండా తట్టుకునే గుణం. అది ముఖ్యమే. కానీ రెక్కలోనే ట్యాంకు ఉన్న విమానానికి అది మూడో ప్రశ్న. ఆ పెట్రోలును పట్టి ఉంచుతున్నది ఏమిటన్నది మొదటి ప్రశ్న. ట్యాంకు నుంచి ఇంజను దాకా అది ఎంత వేడిని దాటుకుంటూ వెళ్తుందన్నది రెండోది. ఈ రెండింటికీ జవాబు దొరికాకే బంకు వైపు చూడాలి. అందుకే ఇక్కడ చెప్పే పనులన్నీ ట్యాంకు దగ్గర మొదలై ఇంజను వైపు సాగుతాయి.

ఉదాహరణకు అమెరికాలో ఔత్సాహికులు సొంతంగా కట్టుకునే ఆర్వీ-6ను తీసుకుంటాను. లోహపు రెక్కలు కింది వైపు ఉంటాయి, రెండు సీట్లు. మన ఉదాహరణలో ఇంజను 150 హార్స్‌పవర్ లైకమింగ్ ఓ-320. రెక్క ముందంచులో ఒక భాగాన్నే ట్యాంకుగా మలుస్తారు. ఒక్కో వైపు 19 గ్యాలన్లు, అంటే సుమారు 72 లీటర్లు. అల్యూమినియం రేకులను రివెట్లతో బిగించి, ప్రతి అతుకునూ ప్రతి రివెట్ తలనూ పాలీసల్ఫైడ్ సీలెంటుతో మూస్తారు. కలిపేటప్పుడు గంధకం కంపు కొట్టే ఈ పదార్థం గట్టిపడ్డాక పాత సైకిలు ట్యూబులా సాగుతుంది. లోపల రబ్బరు సంచి కానీ వేరే డబ్బా కానీ ఉండదు. పెట్రోలుకూ బయటి గాలికీ మధ్య ఉన్నది పలుచని రేకు, దాని అతుకుల్లో ఈ రబ్బరు పూత, అంతే. గ్రమ్మన్ ఏఏ-5, మూనీ వంటి కంపెనీ విమానాల్లోనూ ఇదే పద్ధతి. సెస్నా 150 వంటివాటిలో విడి లోహపు ట్యాంకులు ఉంటాయి కాబట్టి వాటి యజమానులు సీలెంటు సంగతి దాటేసి మిగతావి చదువుకోవచ్చు.

ఒక మాట ముందే స్పష్టం చేయాలి. అమెరికాలో ఉన్న తెలుగువాళ్లం కారులో పోసేదాన్ని ‘గ్యాస్’ అని పిలవడానికి అలవాటుపడ్డాం. ఊళ్లో ఆ మాట అంటే వంటింటి సిలిండరు గుర్తొస్తుంది. ఇక్కడ కారులో పోసేది పెట్రోలు, విమానాశ్రయంలో అమ్మే నీలిరంగుది 100ఎల్ఎల్.

అసలు ఎందుకు

ధర ఒక కారణం. దానికంటే నాకు సబబుగా తోచే కారణం సీసం. 100ఎల్ఎల్ పేరులోని రెండు ‘ఎల్’లూ ‘తక్కువ సీసం’ అని చెబుతాయి కానీ, అందులో లీటరుకు 0.56 గ్రాముల దాకా సీసం ఉండవచ్చు. 150 హార్స్‌పవర్ ఓ-320 పుట్టింది 80/87 అనే పాత విమాన పెట్రోలు కోసం. దాని సీసం పరిమితి లీటరుకు 0.14 గ్రాములు. అంటే ఇంజను అడిగినదానికి నాలుగింతల సీసం పోస్తున్నాం. స్పార్క్ ప్లగ్గుల అడుగున పేరుకునే చిన్న చిన్న బూడిదరంగు పూసలు దాని ఫలితమే. 80/87 దొరకడం తగ్గిపోవడంతో ఆష్‌కాష్ కేంద్రంగా పనిచేసే ఎక్స్‌పెరిమెంటల్ ఎయిర్‌క్రాఫ్ట్ అసోసియేషన్ కారు పెట్రోలుతో పరీక్షలు జరిపి, 1982లో సెస్నా 150కి మొదటి ప్రభుత్వ ఆమోదం సంపాదించింది. తర్వాత నెబ్రాస్కాలోని పీటర్సన్ ఏవియేషన్ మరిన్ని రకాల విమానాలకు ఆమోదాలు తెచ్చింది.

కాగితం పని

ఇది త్వరగా ముగిసే పని, కానీ తప్పించుకోలేనిది. కంపెనీ తయారుచేసి ప్రభుత్వ ధ్రువీకరణ పొందిన విమానమైతే, కారు పెట్రోలుకు అనుబంధ ధ్రువపత్రం కావాలి. ఎస్‌టీసీ అంటారు. ఇంజనుకూ విమానానికీ రెండింటికీ వర్తించాలి. ఇంజనుకు ఉంది కదా అని పోయడం పప్పులో కాలేయడమే. ధ్రువపత్రం వచ్చాక ట్యాంకు మూత పక్కన సూచన అంటించాలి, లాగ్‌బుక్‌లో రాయించాలి, మార్పును నమోదు చేసే 337 ఫారం ఎఫ్‌ఏఏకు, అంటే అమెరికా పౌర విమానయాన సంస్థకు, పంపాలి. కొన్ని పైపర్ చెరోకీల విషయంలో కాగితంతో సరిపోదు, ఇంధన పంపుల అమరికే మార్చాలి. ఎందుకో కింద చెబుతాను.

సొంతంగా కట్టిన విమానానికి ఎస్‌టీసీ అక్కరలేదు. అది స్వేచ్ఛలా కనిపిస్తుంది. నిజానికి ఎస్‌టీసీ తెచ్చినవాళ్లు చేసిన పరీక్షలన్నీ ఇప్పుడు మీ నెత్తిన పడ్డాయన్నమాట. రోటాక్స్ 912 ఇంజనున్న తేలికపాటి విమానాల వారికి ఒక హెచ్చరిక. పది శాతం దాకా ఇథనాల్ అనే ఆల్కహాలు ఉన్న పెట్రోలుకు రోటాక్స్ ఒప్పుకుంటుంది. కానీ ఆ మాట ఇంజను వరకే. ట్యాంకు సంగతి విమానం తయారీదారు చేతి పుస్తకంలో చూడాలి.

మొదటి అడుగు: ట్యాంకు జాతకం తెలుసుకోండి

మీరే కట్టుకుని ఉంటే ఏ సీలెంటు వాడారో మీకు తెలుసు. కొనుక్కున్న విమానమైతే కట్టినప్పటి లాగ్‌బుక్, రసీదులు, ఫొటోలు తిరగేయండి. కట్టినవారితో మాట్లాడగలిగితే మరీ మంచిది. తెలుసుకోవలసినవి మూడు: అతుకుల్లో ఉన్నది పాలీసల్ఫైడేనా, ఎప్పుడు వేశారు, దాని మీద ‘స్లోష్’ పోశారా లేదా.

ఈ మూడోదే కీలకం. చాలా ఏళ్ల కిందట ట్యాంకులు కట్టేవారు సీలెంటు వేశాక కూడా మనశ్శాంతి లేక, ఒక పల్చని ద్రవాన్ని ట్యాంకులో పోసి అటూ ఇటూ తిప్పి లోపలంతా పూత పట్టించేవారు. అదే స్లోష్. ఎక్కడైనా సూది బెజ్జం మిగిలితే అది మూసుకుంటుందన్న ఆశ. కొన్నేళ్లకు, ముఖ్యంగా కారు పెట్రోలు తగిలినచోట, ఆ పూత పొరలు పొరలుగా లేచి ట్యాంకు అడుగున ఇంధనం పీల్చే గొట్టం జల్లెడకు అడ్డంపడటం మొదలైంది. కొండ నాలుకకు మందేస్తే ఉన్న నాలుక ఊడినట్టు, లీకు కాకూడదని వేసిన పూత ఇంజను ఆగడానికి కారణమైంది. మూత తీసి టార్చి వేస్తే స్లోష్ సాధారణంగా కనబడిపోతుంది. రేకు మెరుపు మీద నెయిల్ పాలిష్ వేసినట్టు తెల్లని లేదా పసుపు పొర ఉంటుంది. అది కనిపిస్తే ఇక్కడే ఆగండి. ట్యాంకు తెరిచి ఆ పూతను పూర్తిగా తీసేదాకా కారు పెట్రోలు ఊసెత్తవద్దు.

ఫైబర్‌గ్లాస్ ట్యాంకులైతే ఏ రెసిన్ వాడారన్నది ప్రశ్న. వినైల్ ఎస్టర్ ఆల్కహాలుకు కొంత మెరుగ్గా ఓర్చుకుంటుంది. ఎపాక్సీలలో రకరకాలున్నాయి, కొన్ని మెత్తబడిపోతాయి. పాతకాలపు విమానాల్లో ఇంధన మట్టం చూపడానికి ట్యాంకులో తేలే బెండుముక్కకు లక్కపూత వేసేవారు. లక్క ఆల్కహాలులో కరుగుతుందని వడ్రంగులందరికీ తెలుసు.

రెండో అడుగు: ఇప్పుడున్న లీకులను లెక్కలోకి తీసుకోండి

కారు పెట్రోలు పోశాక కనిపించే ప్రతి మరకకూ జనం దాన్నే నిందిస్తారు. ఆ మరక ముందే ఉందేమో తెలియాలంటే ముందే చూసి ఉండాలి. 100ఎల్ఎల్ తో ట్యాంకు నింపి, రెక్క కింద ప్రతి రివెట్ వరసనూ, ట్యాంకు వెనక గోడ అంచునూ, మట్టం సూచిక బిగించిన పలకనూ చూడండి. తడి కనిపిస్తే పొడిగుడ్డతో శుభ్రంగా తుడిచి అరగంట ఆగి, ఎంత మేర తడిసిందో కొలవండి. ముప్పావు అంగుళం దాటకపోతే అది మరక. అంగుళంన్నర దాకా అయితే చెమర్చడం. నాలుగు అంగుళాల దాకా బాగా చెమర్చడం. ఆ పైన, లేదా బొట్లు పడుతుంటే, పారే లీకు. విమాన మెకానిక్కులు లీకులను ఈ కొలతల ప్రకారమే వర్గీకరిస్తారు. చెమర్చడం దాటినదేదైనా ఉంటే సీలెంటు మరమ్మతే ముందు.

ఇక్కడ చాలామందికి తట్టని విషయం ఒకటుంది. 100ఎల్ఎల్ లీకయితే ఆవిరయ్యాక కూడా నీలిమరక మిగులుతుంది. అదొక ఉచిత కాపలాదారు. కారు పెట్రోలులో ఆ రంగు ఉండదు. అతుకు చెమర్చినా ఎండకు ఆరిపోతే దాదాపు జాడ దొరకదు. కాబట్టి 100ఎల్ఎల్ రోజుల్లో కళ్లు చేసిన పనిని ఇప్పుడు ముక్కూ వేళ్లూ చేయాలి. ఎగిరే ముందు ప్రతిసారీ రెక్క కింద చేయి పెట్టి తడమండి.

ట్యాంకు విప్పే అవకాశం ఉంటే పీడన పరీక్ష మేలు. ట్యాంకు గాలి గొట్టానికి ఒక బెలూను తగిలించి, కొద్దిగా గాలి నింపి, అతుకుల మీద సబ్బునురగ రాయండి. గాలి పీడనం చదరపు అంగుళానికి ఒక పౌను మించరాదు. అంటే నీటి గొట్టంలో సుమారు 28 అంగుళాల ఎత్తు. ఒక పౌనే కదా అనిపిస్తుంది కానీ అడుగు పొడవు, అడుగు వెడల్పు ఉన్న రేకు మీద అది 144 పౌన్ల తోపు. కంప్రెసరు గొట్టాన్ని నేరుగా తగిలించి రెక్క ఉబ్బించుకున్నవారు ఉన్నారు. ఎండ తగిలినా, హ్యాంగరు తలుపు తెరిచినా బెలూను ఉబ్బుతుంది, తగ్గుతుంది. దాన్ని చూసి లీకనుకుని కంగారుపడవద్దు.

మూడో అడుగు: సీసా పరీక్ష

ఇది నాకు అన్నిటికంటే నచ్చే పరీక్ష. ఖర్చు లేదు, ఓపికే కావాలి. మీ ట్యాంకులో వాడిన సీలెంటు గట్టిపడిన ముక్కలు నాలుగైదు సంపాదించండి. కట్టేటప్పుడు కలిపిన కప్పులో మిగిలినవైనా, తనిఖీ పలక అంచున పొంగి గట్టిపడ్డవైనా సరే. బిగుతు మూతలున్న గాజు సీసాలు మూడు తీసుకోండి. ఒకదానిలో 100ఎల్ఎల్, రెండోదానిలో మీరు కొనబోయే ఇథనాల్ లేని పెట్రోలు, మూడోదానిలో పది శాతం ఇథనాల్ ఉన్న మామూలు పెట్రోలు. ఒక్కో దానిలో ఒక్కో ముక్క వేసి, పేరు రాసి, నిప్పుకు దూరంగా, గాలి ఆడేచోట నెల రోజులు ఉంచండి. అదే ఇంధన వ్యవస్థలో వాడిన ఓ-రింగు (అతుకుల్లో కారకుండా వేసే రబ్బరు ఉంగరం) రకాలుంటే అవీ వేయండి.

నెల తర్వాత ముక్కను గోటితో నొక్కి చూడండి, వంచి చూడండి, వేసేముందు తూచి ఉంటే మళ్లీ తూచండి. మొదటి రెండు సీసాల్లోని ముక్కల మధ్య తేడా లేకపోతే మీ ట్యాంకు సీలెంటు కారు పెట్రోలులోని టొలుయీన్ వంటి ఆరోమాటిక్‌లను తట్టుకుంటోందని అర్థం. మంచి పాలీసల్ఫైడ్ సాధారణంగా తట్టుకుంటుంది. మూడో సీసా అసలు వాడకం కోసం కాదు, పొరపాటున ఇథనాల్ పడితే ఏమవుతుందో మీ కళ్లతో మీరు చూడటానికి. ఓ-రింగుల్లో మామూలు నైట్రైల్ రబ్బరు ఉబ్బుతుంది. అలా ఉబ్బినదాన్ని మళ్లీ 100ఎల్ఎల్ లో ఉంచితే కుంచించుకుంటుంది. ట్యాంకు అడుగున నీటిని బయటికి వదిలే డ్రెయిన్ వాల్వు కారడానికి అదొక మామూలు కారణం. ఆ స్థానంలో ఫ్లోరోసిలికోన్ లేదా వైటాన్ రింగులు వేయించండి.

సీలెంటు బాధ కారు పెట్రోలుకే పరిమితం కాదు. సీసం లేని కొత్త విమాన పెట్రోలు జి100యూఎల్ కు 2022లో ఎఫ్‌ఏఏ ఆమోదం వచ్చాక, కాలిఫోర్నియాలో కొందరు యజమానులు రంగు లేచిపోయిందనీ సీలెంటు దెబ్బతిన్నదనీ ఫిర్యాదు చేశారు. లోపం ముందే ఉన్న పాత లీకులదని తయారీదారు వాదన. ఎవరి పక్షం నిజమైనా, వాడకముందే సీసా పరీక్ష చేసి, లీకుల ఫొటోలు తీసి పెట్టుకున్న యజమానికి ఆ తగవు లేదు.

నాలుగో అడుగు: వేడి

విమాన పెట్రోలు ఆవిరయ్యే గుణానికి కచ్చితమైన హద్దులున్నాయి. 37.8 డిగ్రీల దగ్గర దాని ఆవిరి పీడనం 38 నుంచి 49 కిలోపాస్కల్స్ మధ్యే ఉండాలి. కారు పెట్రోలుకు కాలాన్ని బట్టి మారే హద్దులు. అమెరికాలో వేసవిలో 62 కిలోపాస్కల్స్ దరిదాపుల్లో ఉండేది, చలికాలంలో 100 దాటగలదు. చలిలో కారు స్టార్టు కావాలని అలా చేస్తారు. పైకి ఎగిరేకొద్దీ గాలి పీడనం తగ్గి, ఇంధనం ఇంకా తేలికగా మరుగుతుంది. గొట్టంలో బుడగలు నిండితే పంపు పీల్చేది ఆవిరినే. ఇంజను దగ్గుతుంది, ఆగుతుంది. వేపర్ లాక్ అంటే ఇదే.

రెక్కలు పైన ఉన్న విమానంలో పెట్రోలు తన బరువుతో తాను కిందికి దిగుతుంది. ఆర్వీ-6, చెరోకీ వంటివాటిలో పంపు దాన్ని కింది నుంచి పైకి పీల్చాలి. పీల్చినచోట పీడనం ఇంకా తగ్గుతుంది, అక్కడే బుడగలు పుడతాయి. చెరోకీలకు పంపుల మార్పు తప్పనిసరి చేసింది అందుకే. మీ విమానంలో చేయవలసినవి ఇవి:

ఫైర్‌వాల్ (ఇంజను గదినీ సీట్లనూ వేరుచేసే గోడ) ముందున్న ప్రతి ఇంధన గొట్టానికీ అగ్నినిరోధక తొడుగు వేయండి. ఇంజను పంపు చుట్టూ రేకు తొడుగు కట్టి, ముందు నుంచి చల్లగాలి గొట్టం దానికి చేర్చండి. ఇంధనాన్ని వడకట్టి నీటినీ మట్టినీ పట్టే గిన్నె, అంటే గాస్కొలేటరు, సైలెన్సరు గొట్టాలకు దగ్గరగా ఉంటే జరపండి, కుదరకపోతే మధ్యలో వేడి అడ్డు పెట్టండి. పంపుకు ముందు, అంటే పీల్చే వైపు, 90 డిగ్రీల మలుపులు ఎన్ని తగ్గిస్తే అంత మేలు. విద్యుత్ పంపును ఇంజను గది బయట, వీలైనంత కిందగా, ట్యాంకుకు దగ్గరగా పెట్టండి. ఇంధన పీడన మీటరు లేకపోతే ఈ ప్రయోగమే వద్దు. కార్బురేటరున్న లైకమింగ్‌కు పీడనం 0.5 నుంచి 8 పౌన్ల మధ్య ఉండాలి. ముల్లు వణకడం వేపర్ లాక్ ఇచ్చే మొదటి సూచన.

అన్నిటికంటే ప్రమాదకరమైన రోజు మే నెల ఎండ కాదు. మార్చిలో కొన్న చలికాలపు పెట్రోలు ఏప్రిల్‌లో అనుకోకుండా వచ్చిన వేడి మధ్యాహ్నం. డబ్బాల మీద కొన్న తేదీ రాసిపెట్టండి.

ఐదో అడుగు: ఇప్పుడు ఆక్టేన్

అమెరికా బంకుల మీద కనిపించే అంకె ఆర్‌ఓఎన్, మోటార్ ఆక్టేన్ అనే రెండు కొలతల సగటు. భారతదేశంలో రాసేది ఆర్‌ఓఎన్ మాత్రమే. అమెరికా 87 భారత్ 91కి, అమెరికా 91 భారత్ 95కి రమారమి సమానం. విమాన ఇంజనుకు లెక్కలోకి వచ్చేది మోటార్ ఆక్టేన్. అది బంకు అంకె కంటే నాలుగైదు తక్కువ ఉంటుంది. బంకు 87 అంటే మోటార్ ఆక్టేన్ 82 చిల్లర. 80 చాలనుకునే 7:1 సంపీడన నిష్పత్తి ఇంజనుకు అది సరిపోతుంది. 160 హార్స్‌పవర్ ఓ-320 నిష్పత్తి 8.5:1. దానికి కనీసం 91 కావాలి, అదీ ఎస్‌టీసీ లేదా తయారీదారు పత్రం ఒప్పుకుంటేనే. లైకమింగ్ ఇంజన్లలో అంతకు మించిన నిష్పత్తి ఉన్నవాటికీ టర్బోలకూ సాధారణంగా ఈ దారి లేదు. ఎలక్ట్రానిక్ ఇగ్నిషన్ ఉంటే అది నిప్పురవ్వను ఎంత ముందుకు జరుపుతోందో చూసి తగ్గించాలి.

కొలరాడో వంటి కొండ రాష్ట్రాల్లో ‘రెగ్యులర్’ అన్న బోర్డు కింద 85 అమ్ముతారు. ఫ్లోరిడాలో పడవల కోసం అమ్మే ఇథనాల్ లేనిది 90. 91 కావలసిన ఇంజనుకు ఆ ఒక్క అంకె తక్కువే.

ఆరో అడుగు: ఇథనాల్ పరీక్ష, ప్రతిసారీ

బోర్డు మీద ‘ఇథనాల్ లేదు’ అని ఉన్నా నమ్మవద్దు. కొలత గీతలున్న సన్నని గాజు గొట్టంలో 10 మిల్లీలీటర్ల నీరు పోసి, 100 గీత దాకా పెట్రోలు నింపండి. మూత బిగించి బాగా కుదిపి పది నిమిషాలు నిలబెట్టండి. నీరు అడుగున 10 దగ్గరే తేరుకుంటే ఆల్కహాలు లేదు. నీటి మట్టం పెరిగిందంటే పెట్రోలులోని ఆల్కహాలు నీటిలోకి దిగింది. పది శాతం ఇథనాల్ ఉంటే గీత 18, 19 దగ్గర నిలుస్తుంది. గీత స్పష్టంగా కనబడాలంటే నీటిలో ఒక చుక్క వంట రంగు కలపండి.

ఇథనాల్‌తో ఇంత పట్టుదల ఎందుకంటే దాని తప్పులు ఒకటి కాదు. సీలెంటునూ రబ్బరునూ నెమ్మదిగా మెత్తబరుస్తుంది. ఆవిరి పీడనాన్ని పెంచుతుంది. ఎక్కువ దాగేది నీటి విషయం. మామూలు పెట్రోలులో నీరు చేరితే అడుగున ముత్యంలా కూర్చుంటుంది, ఎగిరేముందు డ్రెయిన్ చేసి పారబోస్తాం. ఇథనాల్ ఆ నీటిని తనలో దాచుకుంటుంది. డ్రెయిన్ చేసిన నమూనా అద్దంలా కనిపిస్తుంది. పైకెళ్లి ట్యాంకు చల్లబడ్డాక అది విరిగి, నీరూ ఆల్కహాలూ కలిసి అడుగుకు దిగుతాయి. ఇంధనం పీల్చే గొట్టం ఉన్నదీ అడుగునే. పైన మిగిలిన పెట్రోలు ఆక్టేన్ కూడా పడిపోతుంది. ఎఫ్‌ఏఏ సీఈ-07-06 అనే సమాచార పత్రంలో ఆల్కహాలు కలిసిన పెట్రోలు మీద హెచ్చరించింది. కారు పెట్రోలు ఎస్‌టీసీలు దాన్ని నిషేధిస్తాయి.

హైదరాబాదులోనో విజయవాడలోనో ఉండి దీన్ని చదువుతున్నవారికి: మన బంకుల్లో మామూలుగా దొరికేది ఇప్పుడు ఇరవై శాతం ఇథనాల్ ఉన్న పెట్రోలు. పై పరీక్షలో గీత 27 దాకా లేస్తుంది. పది శాతానికి ఒప్పుకునే రోటాక్స్‌కు కూడా అది పనికిరాదు. భారత్‌లో 100ఎల్ఎల్ చాలాకాలం దిగుమతి సరుకే. 2022 సెప్టెంబరులో ఇండియన్ ఆయిల్ స్వదేశీ తయారీని ప్రారంభించింది. భారత్‌లోని చిన్న విమానాలకు అదే దారి.

ఏడో అడుగు: పోయడం

చిన్న విమానాల్లో మంటలు ఎగిరేటప్పుడే పుట్టనక్కరలేదు, పోసేటప్పుడూ పుడతాయి. బంకులో డబ్బాను పికప్ ట్రక్కులోనే ఉంచి నింపవద్దు. అడుగున ప్లాస్టిక్ చాప ఉంటే స్థిర విద్యుత్తు పోయే దారి ఉండదు. డబ్బాను నేల మీద దించి నింపండి. విమానం దగ్గర ముందు తీగతో రెక్క లోహాన్నీ డబ్బానూ గరాటునూ కలిపి, ఆ తర్వాతే మూత తీయండి. లోహపు గరాటు, సన్నని జల్లెడ వాడండి. హ్యాంగరు లోపల పోయవద్దు, మీ ఊరి విమానాశ్రయం నియమాల్లో సొంతంగా నింపుకోవడంపై ఏముందో కనుక్కోండి.

రంగు విషయం మళ్లీ ఇక్కడ తగులుతుంది. నీలిరంగు లేదంటే ఇది జెట్ ఇంధనమేమో అన్న అనుమానం వచ్చేది. కారు పెట్రోలుకూ జెట్ ఇంధనానికీ రంగులో పెద్ద తేడా ఉండదు కాబట్టి ఆ రక్షణ పోయింది. తెల్లకాగితం మీద ఒక చుక్క వేయండి. పెట్రోలు ఆరిపోతుంది, జెట్ ఇంధనం నూనె మరకలా మిగులుతుంది.

ఎనిమిదో అడుగు: ఒక ట్యాంకుతో మొదలుపెట్టండి

రెండు ట్యాంకులున్న కింది రెక్కల విమానానికి ఇదొక వరం. ఎడమ ట్యాంకులో 100ఎల్ఎల్ ఉంచండి, కుడి ట్యాంకులో కారు పెట్రోలు పోయండి. మొదట నేల మీద, కుడి ట్యాంకుతో ఇంజనును బాగా వేడెక్కేదాకా నడిపి, ఆపి, అరగంట ఆగి మళ్లీ స్టార్టు చేసి పూర్తి శక్తికి తీసుకెళ్లండి. ఇంజను ఆపాక గాలి ఆడక కవచం కింద వేడి పెరిగే ఆ అరగంటే అసలు పరీక్ష. పీడన ముల్లు నిలకడగా ఉంటేనే ఎగరండి.

టేకాఫ్ ఎడమ ట్యాంకుతో. రన్‌వేకు సరిగ్గా పైన, ఇంజను ఆగినా దిగగలిగే ఎత్తుకు చేరాక విద్యుత్ పంపు వేసి కుడి ట్యాంకుకు మారండి. అరగంట అక్కడే చక్కర్లు కొట్టి, పంపు ఆపి ముల్లును గమనించండి. దిగేటప్పుడు మళ్లీ ఎడమ ట్యాంకు. ఇలా చల్లని ఉదయాలతో మొదలుపెట్టి వేడి మధ్యాహ్నాలకు వెళ్లండి. చాలామంది యజమానులు పరీక్షలు ముగిశాక కూడా టేకాఫ్, ల్యాండింగ్ 100ఎల్ఎల్ తోనే చేస్తారు. అది అతిజాగ్రత్త అని నేను అనను. తేలికగా ఆవిరయ్యే ఇంధనం కార్బురేటరును ఎక్కువ చల్లబరుస్తుంది కాబట్టి అక్కడ మంచు గడ్డకట్టే అవకాశమూ పెరుగుతుంది. కార్బురేటరు వేడి మీటను అలవాటుకంటే ముందే లాగండి.

రెండు రకాలూ ట్యాంకులో కలిసినా ఇబ్బంది లేదు. ఏ పాళ్లలో కలిసినా సరే, రెండింటిలో తక్కువ ఆక్టేన్ ఉన్నదానికంటే కిందికి దిగదు. కొత్తగా ఓవర్‌హాల్ చేసిన ఇంజనును మాత్రం మొదటి గంటలు 100ఎల్ఎల్ తోనే నడపండి. వాల్వులు కుదురుకునేటప్పుడు సీసం వాటికి మేలు చేస్తుంది.

తర్వాతి తనిఖీలు

కారు పెట్రోలుతో మొదటి ఐదు గంటలకు ఒకసారి, పదికి ఒకసారి, ఇరవై ఐదుకు ఒకసారి గాస్కొలేటరు, కార్బురేటరు జల్లెడలు విప్పి చూడండి. దొరికినదాన్ని పారేయకుండా తెల్లగుడ్డ మీద పరచండి. బూడిదరంగు లేదా నల్లని రబ్బరు తునకలు సీలెంటువి. పారదర్శకంగా, ఉల్లిపొరలా ఉన్నవి స్లోష్‌వి. మొదటి అడుగులో మీ కంటికి తప్పిపోయిందన్నమాట. మెత్తని నల్ల పొడి లోపలి నుంచి అరుగుతున్న గొట్టాలది. వీటిలో ఏది కనిపించినా ఆ ట్యాంకు 100ఎల్ఎల్ కి తిరిగి వెళ్లాలి, కారణం తేలేదాకా.

విమానం నెలల తరబడి కదలకుండా ఉండబోతే కుడి ట్యాంకు ఖాళీ చేసి 100ఎల్ఎల్ తో నింపండి. కారు పెట్రోలు నిలవ ఉంటే జిగురు కడుతుంది, కార్బురేటరు జెట్లను మూస్తుంది. విమాన పెట్రోలు చాలాకాలం చెడదు. తీసిన పెట్రోలును మీ కారులో పోసుకోవచ్చు. అయితే 100ఎల్ఎల్ ఎప్పుడైనా అందులో కలిసి ఉంటే వద్దు, దానిలోని సీసం కారు సైలెన్సరు గొట్టంలో పొగను శుభ్రపరిచే క్యాటలిటిక్ కన్వర్టరును పాడుచేస్తుంది. నింపాక మూత రబ్బరు పగుళ్లు చూసి, రెక్క కింద మరోసారి తుడిచి, అరగంట తర్వాత వచ్చి చూడండి. ఇప్పుడు నీలిమరక కనబడితే కొత్త లీకు ఎక్కడుందో అదే చెబుతుంది.